టీఎంపీ డైరెక్టరీకి 777 కాదు, 1777 ఇవ్వాలి: ఎలా చేయాలి?

ఏదో ప్రోగ్రామ్ ‘పర్మిషన్ డినైడ్’ అని ఆగిపోగానే టీఎంపీ డైరెక్టరీకి (ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే చోటు) 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, లోపలికి వెళ్లొచ్చు అని) కొట్టేసి, పనైపోయిందని వెళ్లిపోయేవాళ్లు చాలామంది. పది మంది లాగిన్ అయ్యే సర్వర్‌లో దయచేసి ఆ పని చేయకండి. యూనిక్స్‌లో ఫైల్‌ని తీసేసే హక్కు ఆ ఫైల్ పర్మిషన్లలో ఉండదు, అది ఉన్న డైరెక్టరీ పర్మిషన్లలో ఉంటుంది. మీ ఫైల్‌కి 600 పెట్టి ఎవరూ చదవకుండా దాచుకున్నా సరే, డైరెక్టరీ 777లో ఉంటే పక్క యూజర్ దాన్ని డిలీట్ చేసి అదే పేరుతో తన ఫైల్ పెట్టేయగలడు, మీ స్క్రిప్ట్ అది తనదే అనుకుని చదివేస్తుంది. అసలు ప్రమాదం అక్కడే.

ముందు ఇప్పుడెలా ఉందో చూడండి. ఎల్‌ఎస్ కమాండ్‌కి ‘-ఎల్‌డీ’ ఆప్షన్ ఇచ్చి /టీఎంపీ అని కొట్టండి. డీ మర్చిపోతే లోపలి ఫైళ్ల లిస్టు వస్తుంది, మనకు కావలసింది డైరెక్టరీ సంగతి. లినక్స్‌లో ఓనర్, గ్రూప్ రెండూ రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ అకౌంట్) అని ఉండాలి, పర్మిషన్ల వరుస చివర చిన్న ‘టీ’ ఉండాలి. అదే స్టికీ బిట్. అది ఉంటే ఫైల్ ఓనర్, డైరెక్టరీ ఓనర్, రూట్ తప్ప ఇంకెవరూ ఫైల్‌ని తీసేయలేరు, పేరూ మార్చలేరు. చివర ‘ఎక్స్’ ఉంటే స్టికీ బిట్ లేనట్టే. పెద్ద ‘టీ’ కనిపిస్తే బిట్ ఉంది గానీ, మిగతా యూజర్లకు లోపలికి వెళ్లే అనుమతి లేదు.

సరిచేయడం తేలికే. ‘సుడో సీహెచ్‌ఓన్ రూట్:రూట్ /టీఎంపీ’, ఆ తర్వాత ‘సుడో సీహెచ్‌మాడ్ 1777 /టీఎంపీ’. అంతే. సుడో అంటే రూట్ హక్కులతో నడపమని; మొదటి కమాండ్ ఓనర్‌ని, రెండోది పర్మిషన్లను మారుస్తుంది, 1777లో ముందున్న 1 స్టికీ బిట్‌ది. పొరపాటున కూడా పెద్ద ‘-ఆర్’ (లోపలున్న వాటన్నిటికీ వర్తింపజేసే ఆప్షన్) తగిలించకండి, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ వాటి కోసం 700తో (ఓనర్‌కి మాత్రమే) మూసి ఉంచిన డైరెక్టరీలన్నీ అందరికీ తెరుచుకుంటాయి. టీఎంపీకి వేరే పార్టిషన్ (డిస్క్‌లో విడి భాగం) ఉంటే దాన్ని మౌంట్ చేశాకే, అంటే ఆ చోట జతచేశాకే, ఈ కమాండ్లు ఇవ్వాలి, ఎందుకంటే ముందు ఇచ్చిన పర్మిషన్లు దాని కింద దాగిపోతాయి, కొత్తగా ఫార్మాట్ చేసిన పార్టిషన్ మామూలుగా 755తో పైకి వస్తుంది.

ఒక్క టీమ్‌కే కావాలంటే అందరికీ తెరవాల్సిన పని లేదు. ఒక గ్రూప్ చేసి, వేరే డైరెక్టరీని సీహెచ్‌జీఆర్‌పీతో (గ్రూప్ మార్చే కమాండ్) ఆ గ్రూప్‌కి ఇచ్చి, 3770 పెట్టండి. ఆ 3లో 1 స్టికీ బిట్‌ది, 2 సెట్‌జీఐడీది, దానివల్ల అందులో ఎవరు ఫైల్ చేసినా గ్రూప్ టీమ్‌దే అవుతుంది. ఒకరి ఫైల్ ఇంకొకరు ఎడిట్ చేయాలంటే మాత్రం యూమాస్క్ (కొత్త ఫైళ్లకు ఏ పర్మిషన్లు ఇవ్వకూడదో చెప్పే సెట్టింగ్) 002 ఉండాలి, 022 అయితే చదవడం వరకే.

స్క్రిప్టుల్లో తాత్కాలిక ఫైళ్లకు ఎవరైనా ఊహించగలిగే పేర్లు వాడకండి. ఎంకేటెంప్ కమాండ్ వాడితే ఊహించలేని పేరుతో 600 ఫైల్ ఇస్తుంది, ‘-డీ’ ఇస్తే 700 డైరెక్టరీ.

ఆఖరికి రెండు మామూలు అకౌంట్లతో పరీక్షించండి, రూట్‌తో చేస్తే ఏమీ తెలియదు. ఒకరు టీఎంపీలో ఫైల్ పెట్టాలి, ఇంకొకరు దాన్ని తీసేయడానికి ఆర్‌ఎం కొట్టాలి. ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అని వస్తే సెట్టింగ్ సరిగ్గా ఉన్నట్టే.