పెద్దలు దిగులును దేనితో దిగమింగుతున్నారో గుర్తించడం ఎలా?

పిల్లల ఉద్యోగాల వల్ల సొంత ఊరు వదిలి బెంగళూరుకు చేరిన తెలుగు పెద్దలను ఇళ్లకు వెళ్లి చూసి రావడం నర్సుగా నా పని. తోడు పోయిన దుఃఖాన్నో, మోకాళ్ల నొప్పినో, పొద్దు గడవకపోవడాన్నో తట్టుకోవడానికి వాళ్లు పట్టుకున్న ఆసరా మెల్లగా వాళ్లకే చేటు చేస్తున్న సంగతి చాలా ఇళ్లలో ముందు పనిమనిషికి తెలుస్తుంది, చివరన కొడుకూ కోడళ్లకు తెలుస్తుంది. కారణం చూసే పద్ధతిలోనే ఉంది. తాగుడు, నిద్రమాత్రలు, పొగాకు, ఫోను అంటూ ఒక చిట్టా మనసులో పెట్టుకుని, అందులో ఏదైనా నాన్నగారికి ఉందా అని వెతుకుతారు. చిట్టాలో లేనిది కళ్లెదుటే ఉన్నా వాళ్లకు కనబడదు. అలవాటు పేరు తర్వాతి సంగతి. ఆ మనిషి తన పాత తీరు నుంచి ఎంత జరిగారో, రోజులో ఏ వేళకు జరుగుతున్నారో ముందు చూడాలి.

కావలసినవి

ఒక రూళ్ల నోటుపుస్తకం, పెన్ను, రెండు వారాల ఓపిక చాలు. ఫోనులో రాసుకోకూడదు. హాల్లో కెమెరా బిగించడం అంతకన్నా కూడదు. ఆఫీసులో కూర్చుని అమ్మను తెర మీద చూసుకుంటున్నామని గొప్పగా చెప్పేవాళ్లు ఈ ఊళ్లో ఎక్కువయ్యారు కానీ, కెమెరా ఉన్న హాల్లో ఆవిడ బుద్ధిగా టీవీ ముందు కూర్చుంటారు, మీరు చూడవలసినదంతా మంచం పక్క సొరుగులోనూ వంటింటి పై అరలోనూ జరిగిపోతుంది. పైగా నిఘా ఉందని తెలిసిన మనిషి దాచడం నేర్చుకుంటారు.

మొదటి దశ: పాత తీరును రాసుకోవడం

అయిదేళ్ల క్రితం ఎన్నింటికి లేచేవారు, ఎంత తినేవారు, ఎవరితో మాట్లాడేవారు, సాయంత్రాలు ఏం చేసేవారు అన్నది ఒక పేజీలో రాయండి. తెలియకపోతే ఊళ్లో ఉన్న మేనత్తనో, పాత ఇరుగుపొరుగునో అడగండి.

రెండో దశ: వేళను పట్టుకోవడం

ఎప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నారో, ఎప్పుడు చిరాకు పడుతున్నారో, ఎప్పుడు మాట ముద్దగా వస్తోందో రోజూ రాయండి. శనివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడింటి వరకు తప్పకుండా ఇంట్లో ఉండాలి. ఆదివారం పనికిరాదు, అందరూ ఇంట్లో ఉంటారు కనుక ఆ రోజు పెద్దలు కూడా పండగ మొహం పెడతారు. కాఫీ మీరే కలిపి తీసుకెళ్లి, టీవీ ఆపించకుండా పక్కన కూర్చోవాలి.

మారతహళ్లిలో ఒక ఇంట్లో, అనంతపురం వైపు నుంచి వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు రోజూ మధ్యాహ్నం రెండింటికి పడుకుని దీపాలు పెట్టేవేళకు లేచేవారు. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు. ఆయన కళ్లజోడు పెట్టెలో రెండేసి చొప్పున కత్తిరించిన మాత్రల రేకులు ఉన్నాయి. మిగతా పేరు దుకాణంలోని అట్టతోనే ఉండిపోగా, వెండిరంగు రేకు వెనుక ‘జోలాం’ అన్న చివరి ముక్క మాత్రం మిగిలింది. అవి ఆందోళన తగ్గించి నిద్ర తెప్పించే ఆల్‌ప్రజోలాం మాత్రలు. రెండింటి నుంచి కోడలి మీటింగులు హాల్లో మొదలవుతాయి, టీవీ పెట్టకూడదు, ఫోనులో గట్టిగా మాట్లాడకూడదు, కిందికి దిగితే పలకరించేవాళ్లు లేరు. ఆ నాలుగు గంటలు గడవడానికి ఆయన వాటిని మింగుతున్నారు. ఏ వేళకన్నది తెలిసింది కనుకనే ఎందుకన్నదీ తెలిసింది.

మూడో దశ: ఆసరాను అలవాటు నుంచి విడదీయడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే. రోజూ ఆకువక్క వేసుకునే అవ్వను, శనివారం ఒంటిపూట ఉండే మామగారిని, రాత్రి పది వరకు సీరియళ్లు చూసే అత్తగారిని పట్టుకుని వీళ్లకేదో జబ్బు ఉందని తేల్చకండి. వక్క ఒంటికి మంచిది కాదు, దాన్ని క్యాన్సర్ కారకంగా 2004లోనే వర్గీకరించారు. అయినా నలభై ఏళ్లుగా ఒకే తీరున సాగుతున్న అలవాటు ఆరోగ్య సమస్య అవుతుందే తప్ప దిగులుకు గుర్తు కాదు. అదే మనిషి రోజుకు నాలుగుసార్లు వేసుకునేది పన్నెండుసార్లకు చేరి, రాత్రి లేచి కూడా వక్కల డబ్బా కోసం తడుముకుంటుంటే అప్పుడు ఆగి చూడాలి.

ఉపవాసాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే భక్తిని ప్రశ్నించడానికి ఎవరికీ నోరు రాదు, తిండి మీద విరక్తి కలిగిన మనిషికి అంతకన్నా మర్యాదైన మరుగు దొరకదు. జయనగర్‌లో కూతురి దగ్గర ఉండే నెల్లూరు పెద్దావిడ ఒకరు భర్త పోయాక సోమవారం, శనివారం, ఏకాదశి అంటూ వారంలో సగం రోజులు పస్తుండేవారు. ఆవిడకు ఉపవాసాలు కొత్త కాదు. అయితే పూర్వం ఉపవాసమున్న రోజున పొద్దున్నే తలంటుకుని, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, సాయంత్రం పూజ అయ్యాక రెండు ఇడ్లీలో ఉప్మానో తినేవారు. ఇప్పుడు స్నానం లేదు, పూజ లేదు, సాయంత్రం ఫలహారమూ లేదు. నియమం ఏదైనా విరమణతో ముగుస్తుంది. ముగింపు లేని ఉపవాసం తిండి మానేయడమే. చక్కెర వ్యాధికి గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు ఇలా పస్తుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది కనుక, ఈ విడదీత మనసు కోసమే కాక ప్రాణం కోసం కూడా చేయాలి.

తాగుడు సంగతికి వస్తే, ఇళ్లలో సీసా కోసం వెతుకుతారు. కర్ణాటకలో విస్కీ 90 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకెట్లలో కూడా అమ్ముతారు. పళ్లరసం ప్యాకెట్‌లా ఉండి చొక్కా జేబులో పట్టేస్తుంది, వాకింగుకు వెళ్లి వచ్చేలోపు అయిపోతుంది, చప్పుడు చేయదు. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది కనుక, నలభై ఏళ్ల వయసులో ఏమీ చేయని కొలత డెబ్బైలో కాళ్లు తడబడేలా చేస్తుంది. అందువల్ల ఎంత తాగారన్న లెక్క కన్నా పడటం, కమిలిన మచ్చలు, స్నానాలగదిలో ఎక్కువసేపు ఉండటం వంటివి నమ్మదగిన ఆనవాళ్లు.

మందుల డబ్బాను కూడా ఇదే కంటితో చూడాలి. జలుబుకని తెచ్చుకున్న మత్తెక్కించే అలర్జీ మాత్రలు నిద్ర కోసం రోజూ వాడితే, పెద్ద వయసులో మతిమరుపు, మలబద్ధకం, మూత్రం బిగుసుకుపోవడం వంటివి రావచ్చు. నొప్పి మాత్రలు విడవకుండా మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆల్‌ప్రజోలాం షెడ్యూల్ హెచ్-1 మందు. చీటీ చూసి, కొన్నవారి పేరూ రాసిన డాక్టరు పేరూ రిజిస్టరులో ఎక్కించి మాత్రమే అమ్మాలి. అది చీటీ లేకుండా ఇంట్లోకి వచ్చిందంటే, ఎవరో ఎక్కడో చూసీ చూడనట్టు ఊరుకున్నారని అర్థం.

కొందరు ఇంటర్నెట్లో దొరికే ప్రశ్నావళిని తీసుకుని అమ్మ ముందు కూర్చుంటారు. వృద్ధుల్లో డిప్రెషన్‌ను అంచనా వేయడానికి 1980లలో 30 ప్రశ్నలతో ఒకటి తయారైంది, 1986లో దాన్ని 15కు కుదించారు. డాక్టరు చేతిలో అది మంచి పనిముట్టు. కూతురు అడిగితే మాత్రం అమ్మ కూతురికి దిగులు కలగని జవాబులే చెబుతుంది. బయటికి వెళ్లి కొత్త పనులు చేయడం కన్నా ఇంట్లో ఉండటమే ఇష్టమా అని అందులో ఒక ప్రశ్న ఉంది. కన్నడం రాని, ఫుట్‌పాత్ లేని వీధిలో ఉండే ఏ తెలుగు పెద్దాయనను అడిగినా, ఎంత హుషారైన మనిషైనా, అవుననే అంటారు. నా నోటుపుస్తకం పద్ధతికి ఈ ఇబ్బంది లేదు.

మార్పు కొద్ది రోజుల్లోనే వచ్చిపడితే ఈ దశలన్నీ పక్కన పెట్టండి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ పగలూ రాత్రీ తెలియకుండా మాట్లాడుతుంటే అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం వంటి ఒంటి జబ్బు కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెల్లగా వచ్చిన ముభావానికి చెవుడు, థైరాయిడ్, బి-12 లోపం కూడా కారణాలవుతాయి కనుక ఆ పరీక్షలు చేయించాలి. దేవుడు తీసుకుపోతే బాగుండునన్న మాట పెద్దల నోట మామూలుగా వచ్చేదే. దానికి తోడు నగలు పంచిపెట్టడం, బీపీ మాత్రలు మానేయడం, మాత్రలు కూడబెట్టడం కనబడితే మామూలు మాట కాదు, ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరును కలవాలి.

నాలుగో దశ: అడగడం

కోడలి ముందు, మనవల ముందు అడగకూడదు. దొరికిన రేకును చేతిలో పట్టుకుని అడగకూడదు. “నాన్నగారూ, మధ్యాహ్నం పూట పొద్దుపోవడం కష్టంగా ఉందా?” అని వేళను గురించి అడిగితే, మాత్ర సంగతి వాళ్లే చెబుతారు. ఆ రోజు చెప్పకపోతే వారం ఆగి మళ్లీ అడగండి.

అయిదో దశ: డాక్టరు దగ్గరికి

ఏది దొరికినా ఆ పూటే లాక్కుని పారేయకండి. రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతిభ్రమణం రావచ్చు. చాలాకాలంగా వాడుతున్న ఆల్‌ప్రజోలాంను హఠాత్తుగా ఆపినా మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. రెండింటినీ డాక్టరు చెప్పిన లెక్కలోనే తగ్గించాలి. బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వృద్ధుల మానసిక ఆరోగ్యానికి ప్రత్యేక సేవలున్నాయి. అంత దూరం వెళ్లేముందు తెలుగులో మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు, ఇతర సహాయానికి వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేయవచ్చు.

మోతాదు తగ్గించే క్రమాన్ని డాక్టరు చేత తేదీలతో సహా చీటీ మీద రాయించుకోండి. మాత్రల డబ్బా బాధ్యత ఇంట్లో ఒక్కరికే అప్పగించాలి. ఇద్దరి చేతిలో ఉంటే ఒకరు ఇచ్చారనుకుని మరొకరు మానేయడమో, ఇద్దరూ ఇవ్వడమో జరుగుతుంది. మారతహళ్లి ఇంట్లో అయితే, మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే కోడలి మీటింగులు ఆ వారం నుంచే లోపలి గదిలోకి మారాలి.