వేసవిలో వైట్ వైన్ రుచి చెడితే ముందుగా అనుమానించాల్సింది సీసాను కాదు

బెంగళూరు ఎండల్లో తీపి లేని, పుల్లగా నాలుకను చురుక్కుమనిపించే వైట్ వైన్ బాగుంటుందని ఎవరో చెబుతారు. సీసా కొని తెచ్చి, ఆదివారం భోజనాల వేళ తెరుస్తారు. ఒక గుక్క తాగగానే ‘ఇదేం బాగాలేదు’ అని పక్కన పెట్టేస్తారు. నా అనుభవంలో సీసా నిజంగా చెడిపోయి ఉండటం అరుదు. ముందు వేడిని, తర్వాత కంచాన్ని, ఆ తర్వాతే సీసాను అనుమానించాలి. కింది లక్షణాలను ఆ వరుసలోనే రాశాను.

ముక్కుకు ఘాటు కొడుతోంది, నోట్లో బరువుగా ఉంది

ఇది వేడి చేసే పని. వైన్ వెచ్చబడేకొద్దీ ఆల్కహాల్ ఎక్కువగా ఆవిరవుతుంది, పండ్ల వాసన కన్నా ముందు ముక్కును చేరుతుంది. పులుపులోని చురుకు కూడా మందగించినట్టు అనిపిస్తుంది. వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చలి దేశాల ఇళ్లలో, అదీ రెడ్ వైన్ గురించి పుట్టింది. ఏప్రిల్‌లో 30 డిగ్రీలు ఉండే మన హాలుకు అది పనికిరాదు. ఈ రకం వైట్‌కు 8 నుంచి 10 డిగ్రీలు కావాలి.

బక్కెట్టులో సగం ఐసు, సగం నీళ్లు పోసి, గుప్పెడు రాళ్ల ఉప్పు కలిపి, సీసాను మెడ దాకా ముంచండి. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. ఉత్త ఐసు ముక్కల మధ్య గాలి ఉంటుంది, అందుకే సీసా నెమ్మదిగా చల్లబడుతుంది. నీళ్లు సీసా చుట్టూ అంటుకుంటాయి, ఉప్పు ఆ నీటిని సున్నా కన్నా కిందికి దించుతుంది. ఫ్రీజర్‌లో పెడితే ఫోనులో అలారం తప్పనిసరి. మరిచిపోతే వైన్ గడ్డకట్టి వ్యాకోచిస్తుంది, బిరడా పైకి లేస్తుంది, ఒక్కోసారి సీసానే పగులుతుంది. గ్లాసులో కొద్దికొద్దిగా పోసుకుని, సీసాను మళ్లీ బక్కెట్టులో పెట్టండి. గ్లాసులో ఐసు వేసుకోవడం నేరమేమీ కాదు గానీ, నీళ్లు కలిసి పులుపు పలచబడుతుంది. గింజలేని ద్రాక్షపళ్లను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి నాలుగు వేసుకుంటే ఆ బాధ ఉండదు.

ఏ వాసనా లేదు, చల్లటి పుల్లనీళ్లలా ఉంది

అతి చల్లదనం. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు ఉంటుంది, అక్కడ రాత్రంతా ఉన్న సీసాను బయట పది నిమిషాలు ఉంచి పోయండి.

విడిగా బాగుంది, భోజనంతో తాగితే మంటగానో చప్పగానో ఉంది

తెలుగు ఇళ్లలో అసలు చిక్కు ఇదే. కారంలోని క్యాప్సైసిన్ నోట్లో ఏ నరాల గ్రాహకాలను రేపుతుందో, ఆల్కహాల్ కూడా వాటినే రేపుతుంది. కాబట్టి గుంటూరు కారం దట్టించిన కోడి వేపుడు పక్కన 14 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ పెడితే మంట రెట్టింపైనట్టు ఉంటుంది. లేబుల్ మీద శాతం చూసి 12 దగ్గర ఉన్నది తీసుకోండి. కారం తగ్గించడం కుదరని ఇల్లైతే పంతం వదిలి, కాస్త తీపి మిగిలిన చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌కు మారండి. తీపి కారాన్ని అణుస్తుంది.

పులుపు సంగతి వేరు. గోంగూర పచ్చడి, పులిహోర, చింతపండు పులుసు తిన్న నాలుకకు వైన్‌లోని పులుపు కనిపించదు, అందుకే చప్పగా అనిపిస్తుంది. వైన్ కంచంలోని పులుపుకు తీసిపోకూడదు. న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరో ప్రాంతపు సావిన్యాన్ బ్లాంక్, స్పెయిన్ వాయవ్య తీరపు అల్బరీన్యో అలాంటి పులుపున్నవి. నాసిక్ సావిన్యాన్ బ్లాంక్‌లు కూడా పర్వాలేదు, ధరా నయం. ఇక బొబ్బట్టుతో మాత్రం వద్దు. తీపి తిన్నాక ఈ వైన్ పచ్చిపులుపుగా మారిపోతుంది.

ఉప్పు మాత్రం నేస్తం. ఫ్రాన్స్‌లో లువార్ నది సముద్రంలో కలిసే చోట మ్యూస్కాదే అనే వైన్‌ను ఉప్పటి ఆల్చిప్పలతో (ఆయిస్టర్లతో) తాగుతారు. మనం మిరియాలు వేసి, కారం తగ్గించి వేయించిన వంజరం ముక్కల మీద నిమ్మకాయ పిండుకుంటే చాలు.

పుల్లగా ఉంటుందనుకుంటే వెన్న వాసన, లేదా తీపి

కొనుగోలులోనే పొరపాటు జరిగింది. ఓక్ చెక్క పీపాల్లో ఉంచిన షార్డొనే అనే వైట్ వైన్‌కు వెన్న, వెనిల్లా వాసనలు సహజం, అది లోపం కాదు. తీపి ఉందంటే లేబుల్ సరిగ్గా చదవలేదన్నమాట. లేట్ హార్వెస్ట్, సెమీ స్వీట్ అని ఉన్నవి వద్దు, డ్రై అని ఉన్నది కావాలి. అలాంటి వాటిలో చక్కెర సాధారణంగా లీటరుకు 4 గ్రాముల లోపే ఉంటుంది. సంవత్సరం కూడా చూడండి. ఈ రకం వైన్‌కు అసలు అందం తాజాదనం, ఏళ్ల తరబడి దాచుకునేది కాదు. నాసిక్‌లో కోత సుమారు జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది, కాబట్టి కిందటేడు పంట వేసవికి సరిగ్గా సరిపోతుంది. నాలుగేళ్ల సీసాను తగ్గింపు ధరకు ఇస్తామంటే సంబరపడకండి.

తడిసిన అట్టపెట్టె వాసన

ఇది నిజంగా సీసా దోషం. బిరడా నుంచి టీసీఏ అనే రసాయనం వైన్‌లోకి దిగింది. తాగితే ప్రమాదం లేదు, బాగయ్యే మార్గమూ లేదు. రెస్టారెంట్‌లో అయితే మొహమాటపడకుండా వెనక్కి పంపండి. బిరడాకు బదులు మరమూత (స్క్రూ క్యాప్) ఉన్న సీసాలకు ఈ బెడద దాదాపు లేదు. బిరడా లేని సీసాను చవక సరుకని చిన్నచూపు చూసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రంగు ముదిరింది, కోసి వదిలేసిన ఆపిల్ వాసన, బిరడా కాస్త పైకి లేచింది

సీసా ఎక్కడో ఎండకో వేడికో గురైంది. నంది కొండల వైపు ద్రాక్షతోటలకు వెళ్లి, కొన్న సీసాలను కారు డిక్కీలో వేసి, మధ్యాహ్నమంతా తిరిగి వచ్చేవాళ్లకు ఇది తరచుగా తగిలే దెబ్బ. ఈ వైన్‌ను బాగుచేయలేరు. తర్వాతిసారి ఐసు పెట్టె తీసుకెళ్లండి. ఇంట్లో ఫ్రిజ్ పైభాగం, వంటగది అటక రెండూ వేడి చోట్లే. వెలుతురు పడని బీరువా అడుగు అర మేలు, ఫ్రిజ్ కింది అర ఇంకా మేలు.

అడుగున గాజుపొడిలాంటి పలుకులు

అది టార్టారిక్ ఆమ్లపు లవణం, ద్రాక్షలోదే. చలికి గడ్డకట్టింది. హాని లేదు. మెల్లగా వంచి పోసుకోండి.

నిన్న బాగుంది, ఇవాళ నీరసించింది

సగం సీసాలో మిగిలిన ఖాళీ నిండా గాలి ఉంటుంది. తెరిచిన రోజే మిగిలినదాన్ని చిన్న సీసాలోకి అంచుదాకా పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. అది దాటితే వేపుడుకు ముందు చేపముక్కలు నానబెట్టడానికి వాడండి. చేపల పులుసులో మాత్రం పోయకండి, అక్కడ చింతపండు ఉన్నాక దీనికి పనిలేదు.