పిల్లల ప్లే జోన్‌లో ఈ ఇబ్బందులు వస్తున్నాయా? లేఅవుట్ ఎక్కడ తేడా కొట్టిందో చూడండి

ప్లే జోన్ పెట్టి కొన్నాళ్లు తిరగ్గానే ఓనర్లు చెప్పుకునే బాధలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. పిల్లలు గుద్దుకుంటున్నారు, పేరెంట్స్ విసుక్కుంటున్నారు, ఆదివారం సాయంత్రం స్టాఫ్ చేతులెత్తేస్తున్నారు. వెంటనే ఇంకో ఇద్దరిని పెడదామా, కొత్త గేమ్ ఏదైనా తెద్దామా అని చూస్తారు కానీ చాలాసార్లు అసలు తేడా ప్లాన్‌లోనే ఉంటుంది. ఎక్విప్‌మెంట్ అమ్మేవాళ్లు ఫ్రీగా గీసిచ్చే త్రీడీ డ్రాయింగ్‌లో మనుషులు ఉండరు, ఉన్నా ఇద్దరు పిల్లలు నవ్వుతూ నిలబడి ఉంటారు, అంతే. నడిచే దారి, చెప్పులు, స్ట్రోలర్, నానమ్మ, బర్త్‌డే కేకు ఇవేవీ అందులో కనపడవు. హైదరాబాద్, విజయవాడ లాంటి ఊళ్లలో కమర్షియల్ కాంప్లెక్స్‌లో మూడు నుంచి ఐదు వేల ఎస్‌ఎఫ్‌టీ తీసుకుని పెట్టే సాఫ్ట్ ప్లే సెంటర్ల (మెత్తటి ఫోమ్ చుట్టిన ఫ్రేముల్లో పిల్లలు ఎక్కి దిగి ఆడుకునేవి) గురించే ఇదంతా.

బుడ్డోళ్లని పెద్ద పిల్లలు పడేస్తున్నారు

కారణం: మూడేళ్ల లోపు పిల్లల ఏరియాని అన్నీ పెట్టాక మిగిలిన మూలలో ఇరికించడం. అక్కడికి వెళ్లాలంటే పెద్ద పిల్లలు పరిగెత్తే దారి దాటాలి, లేదంటే వాళ్లే దీన్ని అడ్డదారిగా వాడుకుంటారు, ఎనిమిదేళ్ల వాడికి బాల్ పూల్‌కి (ప్లాస్టిక్ బంతుల తొట్టికి) దగ్గర దారి కనపడితే చుట్టూ తిరిగి వెళ్తాడా?

ఏం చేయాలంటే, బుడ్డోళ్ల ఏరియాని కేఫ్ కుర్చీలకి ఆనుకునేలా ముందుకి తేవాలి, దానికి ఒక్కటే గేటు ఉండాలి, అది కూడా కేఫ్ వైపు. పెద్ద పిల్లల వైపు నిలువుగా నెట్ కట్టేయండి, కేఫ్ వైపు మాత్రం రెండు రెండున్నర అడుగుల మెత్తటి గోడ చాలు. నాలుగు అడుగుల గోడ కట్టారో కుర్చీలో కూర్చున్న తల్లికి లోపల ఏమీ కనపడదు, దాంతో ఆవిడ లేచి గేటు దగ్గరే నిలబడుతుంది. ఇంకో సంగతి, మన దగ్గర బుడ్డోళ్లతో వచ్చేది ఎక్కువగా నానమ్మలు, అమ్మమ్మలు, ఆయాలు. వెనక ఆనుకోవడానికి ఏమీ లేని స్టూళ్లు వేస్తే వాళ్లు వాటి మీద కూర్చోరు, మెత్తటి గోడ అంచు మీదో గేటులోనో చతికిలబడతారు, గేటు మూసుకుపోతుంది. వీపు ఆనే కుర్చీలు నాలుగు ఆ గోడ పక్కనే వేయండి, సగం గొడవ పోతుంది.

స్లైడ్ కింద రోజూ ఒకరికి దెబ్బ తగులుతోంది

ముందు అక్కడి మ్యాట్ చూడండి. స్లైడ్ దిగేచోట మ్యాట్ అడ్డంగా అరిగిపోయి రంగు పోయి ఉంటే పిల్లలు ఆ ముందు నుంచే అటూ ఇటూ పరిగెత్తుతున్నారని అర్థం. జారి వచ్చేవాడు ఆగలేడు, పరిగెత్తేవాడు చూడడు. స్లైడ్ మూతి ఎప్పుడూ నడిచే దారిలోకి తిరగకూడదు, గోడ వైపో మూల వైపో తిప్పి ముందు కనీసం ఆరు అడుగులు ఖాళీ వదలాలి. దిగినవాడు మళ్లీ పైకెక్కే మెట్ల వైపు ఒకే దిక్కుగా వెళ్లేలా దారి ఉంటే ఇంకా మంచిది. ఈ ఫ్రేములన్నీ పైపులూ క్లాంపులే కాబట్టి స్లైడ్‌ని ఫ్రేములోనే పక్క గడిలోకి మార్చడం పెద్ద ఖర్చేం కాదు, వెండర్ కాదూ కూడదూ అన్నా గట్టిగా అడగండి. మార్చేటప్పుడు కొత్తగా సందులు పడ్డాయేమో కొలుచుకోండి, 89 మిల్లీమీటర్ల నుంచి 230 మిల్లీమీటర్ల దాకా ఉండే సందులో పిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. వేళ్లకైతే 8 నుంచి 25 మిల్లీమీటర్ల సందు ప్రమాదం.

ఎంట్రన్స్‌లో తోపులాట, లోపల మాత్రం ఖాళీ

ఒక పిల్లాడితో మన ఇళ్లలో ముగ్గురు నలుగురు వస్తారు. అందరూ ఒకేచోట టికెట్ తీసుకుని, చెప్పులు విప్పి, సాక్సులు కొని, బ్యాండ్ కట్టించుకోవాలంటే ఆరడుగుల కౌంటర్ ఏం సరిపోతుంది? పైగా చెప్పుల స్టాండ్ కౌంటర్ పక్కనే ఉంటే విప్పేవాళ్లు వంగుతారు, వెనకవాళ్లు ఆగిపోతారు. వరస ఇలా పెట్టండి: ముందు కౌంటర్, తర్వాత నాలుగడుగులు దాటి కూర్చుని చెప్పులు విప్పే బెంచీ, దాని ఎదురుగా స్టాండ్, ఆ తర్వాతే గేటు. బయటికి వెళ్లేవాళ్లకి వేరే పాయ ఉండాలి, ఎందుకంటే ఏడ్చే పిల్లాడిని చంకనేసుకుని వెళ్లే తండ్రి ఎప్పుడూ క్యూకి ఎదురే వస్తాడు. స్ట్రోలర్లకి లిఫ్ట్ దగ్గర జాగా చూడండి. వానాకాలం గొడుగులకి ఒక బకెట్ పెట్టండి, తడి నేల మీద సాక్సులతో నడిస్తే జర్రున జారుతారు.

పార్టీ ఉన్న రోజు మామూలు కస్టమర్లు గొడవ పడుతున్నారు

డబ్బులు ఎక్కువ వచ్చేది పార్టీల మీదే, పేరు చెడేది కూడా వాటితోనే. పార్టీ రూమ్‌ని ఎక్కడో వెనక పెడతారు, ఎందుకంటే ముందు జాగా "షో"కి కావాలి. ఇప్పుడు పాతికమంది పిల్లల బర్త్‌డే అంటే యాభై మంది పెద్దవాళ్లు, కేకు, క్యాటరింగ్ డబ్బాలు, రిటర్న్ గిఫ్టుల సంచులు అన్నీ ఆడుకునే ఏరియా మధ్యలోంచే లోపలికి పోవాలి, షూస్ వేసుకునే పోతారు, అడ్డగిస్తే "మేం పార్టీ వాళ్లం" అంటారు. మ్యాట్ మీద క్రీమ్ పడుతుంది, మర్నాడు చీమలు. చిన్న డబ్బాల్లో వచ్చే స్నో స్ప్రే కొడితే మ్యాట్ జారుతుంది, దానికి నిప్పు అంటుకునే గుణం కూడా ఉంటుంది కాబట్టి అది లోపలికి రానివ్వకపోవడమే మంచిది.

పార్టీ రూమ్‌ని ఎంట్రన్స్‌కి దగ్గరగా లాబీలోంచి నేరుగా వెళ్లేలా పెట్టండి, రెండో తలుపు ఒకటి ప్లే ఏరియాలోకి. పెద్దవాళ్లు లాబీ తలుపులోంచి వస్తారు పోతారు, పిల్లలు మాత్రం చెప్పులు విప్పి సాక్సులు వేసుకుని రెండో తలుపులోంచి వెళ్తారు. చేతులు కడుక్కునే సింక్ ఆ రెండో తలుపు పక్కనే ఉండాలి, ఎక్కడో టాయిలెట్‌లో కాదు. రూమ్ మార్చే వీలు లేకపోతే గోడ వెంబడి నాలుగడుగుల దారి విడిగా వదిలి దానికి వేరే రంగు ఫ్లోరింగ్ వేయించండి, ఒక గేమ్ తీసేయాల్సి వచ్చినా సరే.

పైన ఉడుకు, కింద చలి

పిల్లలు చెమటలు కారుతూ దిగుతారు, కేఫ్‌లో వాళ్ల అమ్మలు శాలువా కప్పుకుని కూర్చుంటారు. చల్లగాలి కిందికి, వేడిగాలి పైకి, మధ్యలో ప్లే స్ట్రక్చర్ పెద్ద గోడలా అడ్డం. ఏసీ టన్నులు పెంచినంత మాత్రాన కుదరదు, పై అంతస్తు ఎత్తులో గాలి తగిలేలా డక్టు వేయించి అటు ఇటు గోడ ఫ్యాన్లు బిగించండి, ఫ్యాన్ రెక్కలకి పిల్లల చేయి అందకూడదు. పడమటి వైపు అద్దాల గోడ ఉంటే అక్కడ బాల్ పూల్ పెట్టకండి, మే నెల మూడింటికి ఆ రెగ్జిన్ కాలుతుంది. అక్కడ కౌంటరో స్టోరో వేసుకోండి.

కింద ఫ్లోర్ ఆఫీసు వాళ్లు దబదబ శబ్దం అంటున్నారు

ట్రాంపొలిన్. కింద రబ్బరు వేస్తే కొంచెం తగ్గుతుంది, పోదు. స్లాబ్ మధ్యలో కాకుండా పిల్లర్ల దగ్గరికి జరిపితే కొంత మేలు. అగ్రిమెంట్ కంటే ముందే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించాల్సిన విషయం ఇది.

వెనక తలుపు ఉంది, కానీ ఎవరికీ తెలీదు

దీని గురించి ఎవరూ కంప్లైంట్ చేయరు, అందుకే నేను ఏ సెంటర్‌కి వెళ్లినా ముందు చూసేది ఇదే. మంటలు లేస్తే బయటపడాల్సిన వెనక తలుపు ముందు పేపర్ కప్పుల కార్టన్లు, పాత మ్యాట్లు పేర్చి ఉంటాయి. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో మంటలు లేచి ఇరవై మందికి పైగా పోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు, ఆ జోన్‌కి ఫైర్ ఎన్‌ఓసీ (ఫైర్ డిపార్ట్‌మెంట్ అనుమతి) కూడా లేదని తర్వాత బయటపడింది. సాఫ్ట్ ప్లేలో ఉండేదంతా ఫోమ్, రెగ్జిన్, ప్లాస్టిక్ బంతులు, అంటుకుంటే ముందు పొగే చంపుతుంది.

కార్టన్లు అక్కడికి ఎందుకు చేరతాయంటే ప్లాన్‌లో స్టోర్ రూమ్ లేదు. దానికి జాగా ఇవ్వనిదే ఎన్ని బోర్డులు పెట్టినా ఆ తలుపు ఖాళీ అవ్వదు. రెండు తలుపులు రెండు వేరే దిక్కుల్లో ఉండాలి, ఏ దారీ ప్లే స్ట్రక్చర్ లోపల్నుంచో పార్టీ రూమ్ లోపల్నుంచో పోకూడదు. పిల్లలు బయటికి పారిపోకుండా గేటుకి మ్యాగ్నెట్ లాక్ పెట్టారా, కరెంటు పోయినా ఫైర్ అలారం మోగినా అది దానంతటదే వదిలేయాలి. నెట్ లోపల, ప్లే స్ట్రక్చర్ అంతస్తుల కింద ఎమర్జెన్సీ లైట్లు వేయించండి, కరెంటు పోతే పిల్లాడికి పాకే ట్యూబ్‌లో దారి తెలీదు.

డ్రాయింగ్‌లో మూడు అంతస్తులు, సైట్‌లో రెండే పట్టాయి

స్లాబ్ ఎత్తు కొలిచి ఇచ్చారు, బీమ్ కింద కొలవలేదు. ఒక్కో అంతస్తు సుమారు నాలుగడుగులు, మూడు అంతస్తులకి పదమూడు పద్నాలుగు అడుగులు కావాలి, పైన మంటలార్పే నీళ్ల స్ప్రింక్లర్ ఉంటే దాని కింద 18 అంగుళాలు ఖాళీ వదలాలి, ఏసీ డక్టు పోతే అది వేరే లెక్క. ఆర్డర్ ఇచ్చే ముందు పిల్లర్ పిల్లర్‌కి, బీమ్ బీమ్‌కి టేపు పెట్టి కొలిచి ఫొటోలు తీసి పంపండి. ఖాళీ సైట్‌లో నేల మీద సుద్దతో స్లైడ్ మూతి, గేటు, చెప్పుల బెంచీ, కుర్చీలు గీసి తెలిసినవాళ్ల పిల్లల్ని ఓ గంట వదలండి, వాళ్లు ఎటు పరిగెత్తుతారో చూసి గీతలు చెరిపి మళ్లీ గీయండి. టాయిలెట్ లైను, ఏసీ డ్రెయిన్ మాత్రం ముందే ఖాయం చేసుకోండి, ఎక్విప్‌మెంట్ దిగాక వాటిని కదిలించాలంటే ఫ్లోరంతా తవ్వాలి.