జావా బిల్డ్‌లో స్టాటిక్ కోడ్ అనాలిసిస్ తనిఖీలను చేర్చడం ఎలా

ప్రోగ్రామ్‌ను నడపకుండానే కోడ్‌లోని లోపాలను పట్టే టూల్స్ జావాకు చాలానే ఉన్నాయి. అయితే ఎవరికి వీలైనప్పుడు వారు నడుపుకుంటారులే అని వదిలేస్తే ఆ రిపోర్టులను తెరిచి చూసేవారే ఉండరు కనుక, లోపం కనబడగానే బిల్డ్ (కోడ్‌ను కంపైల్ చేసి ప్రోగ్రామ్‌గా తయారుచేసే ప్రక్రియ) ఆగిపోయేలా, ఆ బిల్డ్‌ను నడిపే మేవెన్ టూల్‌లోనే వాటిని అమర్చడం మంచిది.

చెక్‌స్టైల్ కోడ్ రాసిన తీరును చూస్తుంది, పీఎండీ వాడని వేరియబుల్స్, ఖాళీ క్యాచ్ బ్లాక్‌ల వంటివాటిని పడుతుంది, స్పాట్‌బగ్స్ మాత్రం కంపైల్ అయిన బైట్‌కోడ్‌ను పరిశీలించి నల్ పాయింటర్ (విలువ లేని వేరియబుల్‌ను వాడడం) వంటి అసలైన బగ్‌లను బయటపెడుతుంది. అందుకే స్పాట్‌బగ్స్‌తో మొదలుపెట్టమని నా సలహా.

మేవెన్ సెట్టింగ్‌లుండే పామ్ ఫైల్‌లోని (pom.xml) బిల్డ్ విభాగంలో స్పాట్‌బగ్స్ మేవెన్ ప్లగిన్‌ను వెర్షన్‌తో సహా చేర్చి, ఒక ఎగ్జిక్యూషన్‌లో చెక్ గోల్‌ను (తనిఖీ చేసి, లోపముంటే బిల్డ్‌ను ఆపే పనిని) పెట్టండి. అది టెస్ట్ దశ తర్వాత వచ్చే వెరిఫై దశలో నడుస్తుంది కనుక, టెస్ట్ దశ వరకే బిల్డ్ చేసేవారికి ఏ హెచ్చరికా కనబడదు. సీఐ సర్వర్‌లో (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్‌ను తానే నడిపే సర్వర్‌లో) తప్పనిసరిగా వెరిఫై వరకు నడపాలి. మొదట్లో థ్రెషోల్డ్‌ను (ఎంత నమ్మకమున్న హెచ్చరికలను చూపాలనే హద్దును) హై వద్ద ఉంచండి. అమరిక పనిచేస్తోందో లేదో చూడడానికి, ఒక స్ట్రింగ్ వేరియబుల్‌కు నల్ ఇచ్చి, వెంటనే దాని లెంగ్త్ మెథడ్‌ను పిలిచే రెండు వరుసలను తాత్కాలికంగా రాయండి; బిల్డ్ విఫలం కావాలి.

పాత ప్రాజెక్టులో ఒక్కసారిగా బోలెడన్ని హెచ్చరికలు వచ్చిపడతాయి, అసలు చిక్కంతా ఇక్కడే. అన్నింటినీ ఒకేసారి సరిచేయబోతే కొత్త బగ్‌లు పుట్టే ప్రమాదం ఉంది, అలాగని తనిఖీనే ఆపేస్తే పెట్టిన ప్రయోజనం ఉండదు. ప్రస్తుతమున్న లోపాల ఎక్స్‌ఎమ్‌ఎల్ రిపోర్టును బేస్‌లైన్‌గా (పోలికకు ఆధారంగా) కోడ్ రిపాజిటరీలో భద్రపరచి, ఎక్స్‌క్లూడ్ బగ్స్ ఫైల్ సెట్టింగ్‌లో దాని పేరు ఇస్తే, ఇకపై కొత్తగా చేరిన లోపాలకే బిల్డ్ ఆగుతుంది. టూల్స్ జనరేట్ చేసిన కోడ్‌ను మాత్రం ఫిల్టర్ ఫైల్‌తో పూర్తిగా మినహాయించవచ్చు. ఒకే చోట హెచ్చరికను అణచవలసి వస్తే సప్రెస్ ఎఫ్‌బీ వార్నింగ్స్ అనే యానొటేషన్ (కోడ్‌పై పెట్టే గుర్తు) వాడి, దాని జస్టిఫికేషన్ భాగంలో కారణాన్ని తప్పక రాయండి. కారణం లేని మినహాయింపును కోడ్ రివ్యూలో అంగీకరించకూడదు.

ఆ తర్వాత చెక్‌స్టైల్‌ను చేర్చేటప్పుడు ఒక విషయం గమనించాలి. దానితోపాటు వచ్చే గూగుల్ నియమాలు ఉల్లంఘనలను వార్నింగ్ స్థాయిలోనే చూపుతాయి, కానీ మేవెన్ ప్లగిన్ సహజంగా ఎర్రర్ స్థాయికే బిల్డ్‌ను ఆపుతుంది. వయొలేషన్ సివియారిటీ సెట్టింగ్‌ను వార్నింగ్‌కు మార్చకపోతే, ఎన్ని ఉల్లంఘనలున్నా బిల్డ్ విజయవంతమైనట్టే కనబడుతుంది.