ఫ్రెంచి కవిత చదువుకుందాం – 4వ పాఠం: మిరాబో వంతెన కింద

ఫ్రెంచి ఛందస్సుకి గురులఘువుల పట్టింపు లేదని, పాదంలో ఎన్ని అక్షరాలు పలుకుతాయన్నదే లెక్క అని పోయిన పాఠంలో చూశాం. ఆ లెక్కని ఈసారి ఒక ప్రేమ కవిత మీద ప్రయోగిద్దాం. గియోమ్ అపొలినేర్ రాసిన ‘మిరాబో వంతెన’ 1912లో పత్రికలో వచ్చి, 1913లో ‘ఆల్కూల్’ సంపుటిలో చేరింది. చిత్రకారిణి మరీ లోరాఁసేఁతో ఆయన ప్రేమ తెగిపోయిన రోజులవి. పారిస్‌లో ఆమె ఉండిన ఓతయ్ పేట ఆ వంతెన పక్కనే.

ముందు అర్థం జోలికి పోకండి. వేళ్ళ మీద లెక్కపెట్టండి.

సూ–ల–పోఁ–మి–రా–బో–కూ–ల–లా–సెన్

పది. ‘మిరాబో వంతెన కింద సెన్ నది పారుతోంది’ అని, అంతే. మొదటిసారి నాకు తొమ్మిదే వచ్చాయి. మాటల్లో వాడే ఫ్రెంచిలో ‘పారుతోంది’ అన్న క్రియని ‘కూల్’ అని తేల్చేస్తారు, నేనూ అలాగే చదివాను. పద్యంలో అలా కుదరదు. మాట చివరి బలహీనమైన ‘ఎ’ తర్వాత హల్లు వస్తే దాన్ని పలకాలి, లెక్కలో వేయాలి. అచ్చు వస్తే మన సంధిలో లాగే లోపిస్తుంది. పాదం చివర ఉంటే లెక్కే లేదు. అందుకే ‘సెన్’ ఒక్క అక్షరమే, మన పొల్లు ముందరి అక్షరంలో కలిసిపోయినట్టు.

ఇక విరుపు. దీన్ని మన యతితో పోల్చొద్దు. మనకి యతి అంటే అక్షరమైత్రి, వాళ్ళకి ఊపిరి ఆగే చోటు. పది అక్షరాల పాదం మామూలుగా నాలుగు దగ్గర విరుగుతుంది. ఇక్కడ నాలుగో అక్షరం ‘మి’, వంతెన పేరు మధ్యలో పడింది. కాబట్టి ఈ పాదం ఆరు దగ్గర, ‘మిరాబో’ తర్వాత ఆగుతుంది. ఆ తర్వాతి పాదాలు చూడండి:

ఎ–నో–జా–మూర్
ఫో–తిల్–కిల్–మాఁ–సూ–వ్యెన్

నాలుగు, ఆరు. ‘మన ప్రేమలూ / నేను గుర్తు చేసుకోవాలా’. పత్రికలో ఇదంతా ఒకే పాదం. పుస్తకంలోకి వచ్చేసరికి కవి సరిగ్గా విరుపు దగ్గర కోసి రెండు వరసలు చేశాడు. కవితంతటికీ కామాలు, చుక్కలు కూడా తీసేశాడు. దాంతో ‘మన ప్రేమలూ’ అన్నది పై పాదంతో కలిసి నదిలో పారిపోతుందా, కింది పాదంతో కలిసి జ్ఞాపకంగా మిగులుతుందా అన్నది తేలదు. నా మట్టుకు ఈ కవితలో అన్నిటికన్నా గొప్ప పని ఆ కోతే.

ఎందుకంటారా? అంత్యప్రాసలు గీత గీసి చూడండి. సెన్, సూవ్యెన్, చరణం చివరి పాదంలోని పెన్ (‘బాధ’): మూడూ కలిశాయి. తెగిపడిన ‘ఆమూర్’కి (‘ప్రేమలు’) మాత్రం జత లేదు. నాలుగు చరణాల్లోనూ రెండో పాదం ఇలాగే ఒంటరి. ఇంకో సంగతి. బలహీనమైన ‘ఎ’తో ముగిసేదాన్ని ఫ్రెంచివాళ్ళు ఆడ ప్రాస అంటారు, మిగిలింది మగ ప్రాస. రెండూ ఒకదాని తర్వాత ఒకటి రావాలన్నది పాత ఆచారం. ఇక్కడ జత కుదిరిన ప్రాసలన్నీ ఆడవే, జత లేని ఆ నాలుగూ మగవే. ‘ప్రేమలు’ అన్న మాట అలా విడిగా వేలాడుతుంది.

పునరుక్తికి వద్దాం. ప్రతి చరణం తర్వాతా ఇది వస్తుంది:

వ్యె–న–లా–న్వీ–సొ–న–లెర్
లే–జూర్–సాఁ–వోఁ–జ–ద–మెర్

‘రాత్రి రానీ, గంట కొట్టనీ / రోజులు పోతాయి, నేను ఉంటాను’. శతకాల మకుటంలా ఎవరినీ పిలవదు కాబట్టి పల్లవి అనడమే సబబు. పదికి పక్కన ఏడు: బేసి సంఖ్య, నడక కాస్త కుంటుతుంది. ‘వ్యెన్’ అంటే రావడం. ‘గుర్తు చేసుకోవాలా’లోని ‘సూవ్యెన్’, సంతోషం ‘వచ్చేది’ అన్న ‘వనే’, చివరి చరణంలో ‘తిరిగి రావు’ అన్నచోటి ‘రవ్యెన్’, అన్నీ ఆ ధాతువులోంచి పుట్టినవే. పోవడం గురించిన కవిత నిండా రావడమే వినిపిస్తుంది. చివరి చరణం కవిత మొదటి పాదంతోనే ముగుస్తుంది. అక్కడ ఏకవచనపు ‘సెన్’కి ప్రాసగా బహువచనాల్ని జతచేశాడు, పాత లాక్షణికులు ఒప్పుకోరు.

మూడో చరణంలో ఒక చిన్న చమత్కారం ఉంది. ‘జీవితం ఎంత మెల్లన’ అన్నది ‘లా వీ ఎ లాఁత్’. తర్వాతి పాదం చివర ‘ఉధృతం’ అన్న మాట మామూలు ఉచ్చారణలో ‘వ్యోలాఁత్’, రెండక్షరాలు. అలా చదివితే పాదంలో తొమ్మిదే వస్తాయి. పది కావాలంటే ‘వీ–ఓ–లాఁత్’ అని సాగదీయాలి. సాగదీయగానే ‘వీ ఎ లాఁత్’, ‘వీ ఓ లాఁత్’ పక్కపక్కన నిలబడతాయి. మధ్యలో ఒక్క అచ్చు తేడాతో మెల్లదనం ఉధృతం అయిపోయింది. లెక్కపెట్టని వాడికి ఇది దొరకదు.

కవి 1913లో పారిస్‌లోని సొర్బోన్ విశ్వవిద్యాలయంలో ఈ కవితని తన గొంతుతోనే రికార్డు చేయించాడు. ఈ పాఠం పక్కన పెట్టుకుని వినండి, ముఖ్యంగా ‘కూ–ల’ దగ్గర.

ఇంటిపని: ఫ్రెంచి కవి రోంసార్ 1578 నాటి సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) మొదటి పాదం, ‘కాఁ వూ సరే బ్యేఁ వ్యెయ్య, ఓ స్వార్, ఆ లా షాఁదెల్’. ‘మీరు ముసలివారై, సాయంత్రం, దీపం దగ్గర’ అని. మొత్తం పన్నెండు రావాలి, ఆరు దగ్గర విరగాలి. పదమూడు వస్తే ‘వ్యెయ్య’ చివరా, దాని పక్కనున్న ‘ఓ’ దగ్గరా మళ్ళీ చూసుకోండి.