కారు గీతలు, తుప్పు: ఇంట్లోనే చేసుకున్న టచప్

అమలాపురం చుట్టుపక్కల కాలవగట్టు రోడ్లమీద ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే కారును తుమ్మకొమ్మల్లోకి దింపక తప్పదు. అలా ఎడమవైపు తలుపులంతా గీతలే.

బండి కడిగి, గీతకు అడ్డంగా గోరు లాగి చూశాను. గోరు గీతలో చిక్కుకోకపోతే సాధారణంగా దెబ్బ క్లియర్ కోటుకే, అంటే రంగు పైనుండే పారదర్శకమైన పూతకే. అలాంటివి రబ్బింగ్ కాంపౌండుతో (గీతలు అరగదీసే పేస్టు) రుద్దితే చాలావరకు పోయాయి. గీతలకు టూత్‌పేస్టు రుద్దే చిట్కా మీద నాకు నమ్మకం లేదు.

అసలు పని వెనక చక్రం పైన. రంగు లేచి రేకు బయటపడింది, తుప్పు మొదలైంది. ఈ ఉప్పుగాలికి దాన్ని వదిలేస్తే లోపల్లోపలే పాకేస్తుంది. చుట్టూ టేపు అంటించి, 320 నంబరు వాటర్ పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) మెరిసే రేకు కనబడేదాకా రుద్దాను. చేతులు పడిపోయాయనుకోండి. తుడిచి, ఆరబెట్టి, ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పూత) కొట్టాను. అది ఆరాక 1000 నంబరు పేపరుతో నున్నగా చేసి, రంగు, ఆపైన క్లియర్ కోటు. అన్నీ పల్చటి పూతలే. మందంగా వేస్తే కారుతుంది.

షాపులో ‘తెలుపు’ అని అడిగితే లాభం లేదు, తెలుపుల్లోనే బోలెడు రకాలు. బండికి కంపెనీ వేసిన ప్లేటు (నంబరు ప్లేటు కాదు) మీది కలర్ కోడ్ చూపించి రాజమండ్రిలో కలిపించాను.

తేమలో కొడితే పూత తెల్లగా మసకబారే ప్రమాదం ఉంది. అందుకే వానలు పోయాక, పొద్దున మంచు విడిచి ఎండెక్కాకే పని పెట్టుకున్నాను. వాక్సు మాత్రం కొన్ని వారాలు ఆగి పెట్టాలి. వంగి చూస్తే అతుకు అంచు తెలుస్తుంది. మా బావ వంగి మరీ చూశాడు!