జ్వరం మాత్ర వేసుకున్న టైమ్ స్ట్రిప్ మీదే రాసేయండి

హాస్టల్లో ఫ్లూ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటున్న రోజుల్లో, అర్ధరాత్రి ఒళ్ళు కాలిపోతూ లేచి “ఇందాక మాత్ర వేసుకున్నానా, లేదా?” అని తికమకపడ్డాను. జ్వరంలో ఏదీ సరిగ్గా గుర్తుండదు.

అప్పట్నుంచి మందుల డబ్బాలో ఒక పర్మనెంట్ మార్కర్ పడేసి ఉంచుతున్నా. మాత్ర తీయగానే ఆ ఖాళీ గుంట పక్కన, స్ట్రిప్ మీదే రాసేస్తా: “రాత్రి 11.40, జ్వరం 102”. బాల్ పెన్నుతో రాస్తే చెరిగిపోతుంది, మార్కరే కావాలి. మనం మత్తుగా పడుకుని ఉన్నా రూమ్మేట్ చూసి చెప్పగలుగుతారు.

పెద్దవాళ్ళకు పారాసిటమాల్ 500 మి.గ్రా. మాత్రలైతే ఒకసారికి ఒకటి లేదా రెండు. మధ్యలో కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు ఆగాలి. 24 గంటల్లో 8 దాటకూడదు. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. వెనక చదివి, అదీ లెక్కలో కలపండి, చాలామంది తప్పేది ఇక్కడే.

మళ్ళీ క్లాసుకు ఎప్పుడు వెళ్ళాలన్నదానికీ ఈ స్ట్రిప్పే ఆధారం. మాత్ర వేసుకోకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉండి, ఒంట్లో నలత కూడా తగ్గుతుంటే వెళ్ళొచ్చు.

లివర్ జబ్బు ఉన్నవాళ్ళకు, 50 కిలోల లోపు బరువున్నవాళ్ళకు పై లెక్క వర్తించదు, డాక్టర్‌నే అడగాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి ఉన్నా, తగ్గిన జ్వరం తిరగబెట్టినా స్ట్రిప్ చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.